శీతకాలపు పూలమడి

ప్రవేశిక

చలికాలంలో తోటమడులకు వన్నె తెచ్చే మొక్కల పెంపకం ఈ పాఠ్యాంశంలోని విషయం. ఉత్తర భారతదేశంలోను, శీతల దేశాలలోను ఆ పనికి పేరుపొందిన అలంకరణ కేల్ మొక్క కృష్ణాతీరంలోని అమరావతి ప్రాంతంలో ఎందుకు రంగు పట్టదు? ఆ చోటును బంతి ఎట్లా దక్కించుకొన్నది? పూలమడికి, మిరపచేనుకు, పత్తిచేనుకు గల సంబంధం ఏమిటి? ఈ ప్రశ్నలను రచయిత తన అనుభవం ఆధారంగా పరిశీలించారు.

పాఠ్యభాగం

మన పూర్వకవులు ఋతువును పువ్వును బట్టి గుర్తించారు. కాళిదాసు మేఘసందేశంలో అలకాపురి స్త్రీల అలంకారాన్ని వర్ణిస్తూ ఆరు ఋతువుల పూలనూ ఒకే శ్లోకంలో కూర్చాడు. శరత్తుకు చెందిన తామర చేతిలో, హేమంతపు మొల్ల కురులలో, శిశిరంలో పూసే లొద్దుగ పుప్పొడి ముఖాన, వసంతపు గోరంట కొప్పులో, గ్రీష్మపు దిరిసెన చెవిన, వానకారు కడిమి పాపటలో. ఈ వర్ణనలో ఒక చమత్కారం ఉంది. అన్ని ఋతువుల పూలూ ఒకే వేళ లభించడం యక్షులు నివసించే అలకకే చెల్లింది. మానవులు నివసించే భూమిలో ఏ పువ్వు కాలం దానిదే, ఏ పువ్వు చోటు దానిదే.

ఇంకొక సంగతిని కూడా గమనించండి. చలికాలపు రెండు ఋతువులకు కవి ఎంచుకొన్న మొల్ల, లొద్దుగ రెండూ తెలుపు వన్నెవే. ప్రాచీన సాహిత్యంలోని శీతకాలానికి మంచు తెలుపు, పూల తెలుపు తప్ప వేరు రంగు అంతగా లేదు. నేడు ధనుర్మాసంలో గుంటూరు ప్రాంతపు ఏ పల్లెకు వెళ్ళినా ఇంటి ముంగిట కనపడే పసుపు, నారింజ రంగులు ఆనాటి కవులు ఎరుగనివి. ఆ రంగులు ఎక్కడి నుంచి వచ్చాయో చెప్పుకోవడానికి ముందు, రావాలని వచ్చి ఇక్కడ నిలువలేకపోయిన ఒక మొక్కను గురించి చెప్పుకోవాలి.

ఒకే ఎత్తున పెరిగే మొక్కలను దగ్గర దగ్గరగా నాటి, నేలపై తివాచీ పరచినట్లు తీర్చే పూలమడుల పద్ధతి పంతొమ్మిదవ శతాబ్దపు ఇంగ్లండులో బాగా వ్యాప్తి పొందింది. ఆంగ్లేయుల పాలనతో ఆ అభిరుచి మన దేశపు బంగళాలకు, కచేరీలకు, కళాశాలలకు కూడా చేరింది. శీతల దేశాలలో మంచు కురిసే నెలల్లో పూసే మొక్కలు తక్కువ. కాబట్టి అక్కడి తోటమాలులు పువ్వులను కాక ఆకులను నమ్ముకొన్నారు. అట్లా మడులలోకి వచ్చినదే అలంకరణ కేల్. ఇది మనం కూర వండుకొనే క్యాబేజీకి తోబుట్టువు. క్యాబేజీ, కాలీఫ్లవరు, నూల్‌కోల్, బ్రోకలీ, కేల్ అన్నీ వృక్షశాస్త్ర దృష్టిలో ఒకే జాతి. ఐరోపా సముద్రతీరాలలో పెరిగిన ఒక అడవిమొక్క నుంచి మానవుడు ఆకు ముడుచుకొనే దానిని ఏరి క్యాబేజీగాను, పూగుత్తి గడ్డకట్టే దానిని ఏరి కాలీఫ్లవరుగాను, కాండం ఉబ్బే దానిని ఏరి నూల్‌కోల్‌గాను తీర్చాడు. ఆకుల అంచులు కుచ్చుల వలె ముడతలు పడి, నడిమి ఆకులు ఊదా, గులాబి, తెలుపు రంగులు దాల్చేది అలంకరణ కేల్ అయింది. దూరం నుంచి చూస్తే విచ్చిన పెద్ద గులాబి అనిపిస్తుంది. దగ్గరకు వెళితే అది పువ్వు కాదని, ఆకుల గుంపేనని తెలుస్తుంది.

జపానువారు దీనిని హబోతన్ అంటారు. ఆకుల పియోనీ పువ్వు అని ఆ మాటకు అర్థం. ఈ మొక్కను అందాల మొక్కగా తీర్చడంలో వారి కృషి ఎక్కువ. నూతన సంవత్సర దినాలలో గుమ్మాల వద్ద పైన్ కొమ్మలు, వెదురు ఉంచినట్లే దీనిని కూడా ఉంచుతారు. ఢిల్లీ, చండీగఢ్ నగరాల ఉద్యానాలలోను చలికాలమంతా దీని కుండీలు కనువిందు చేస్తాయి.

సుమారు పదిహేనేళ్ళ క్రితం నేను పనిచేసిన ఒక కళాశాలలో వార్షికోత్సవానికి ముందు ఈ మొక్కలను తెప్పించారు. తెప్పించాలని పట్టుబట్టినవారిలో నేనూ ఒకడిని. ఢిల్లీలో చూసి వచ్చిన మోజు అది. నలభై కుండీలు లారీ దిగిన రోజున ఊదా రంగుతో మెరిసిపోయాయి. వాటిని కుండీల నుంచి తీసి, ద్వారం నుంచి సభావేదిక వరకు రెండు వరుసల మడులుగా నాటించాము. మూడు వారాలు గడిచేసరికి మడి మధ్య నుంచి ఆకుపచ్చదనం పైకి వచ్చింది. వచ్చినప్పటి రంగు ఆకులు ముదిరి, పసుపుబారి రాలిపోయాయి. కొత్తగా పుట్టిన ప్రతి ఆకూ మామూలు క్యాబేజీ ఆకువలె పచ్చగానే పుట్టింది. దానికితోడు డైమండ్ రెక్కల పురుగు చేరి ఆకులను జల్లెడ చేసింది. వార్షికోత్సవం నాటికి ఆ మడులు కూరగాయల తోటను తలపించాయి. మా తోటమాలి వాటి ముందు నిలబడి, "ఇది కూరకు పనికివస్తుందాండీ?" అని వినయంగానే అడిగాడు. జాతి దృష్ట్యా పనికివస్తుంది గాని, అందానికి పెంచిన మొక్కల మీద ఏ మందు చల్లి ఉంటారో తెలియదు కనుక వద్దన్నాను. అతడు నవ్వలేదు. నవ్వి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

ఆ మొక్కలో లోపం లేదు, మట్టిలోనూ లోపం లేదు. లోపం మా అంచనాలో ఉంది. కేల్ ఆకులకు ఊదారంగు నిచ్చేది ఆంథోసయనిన్ అనే వర్ణద్రవ్యం. నేరేడుపండుకు, నల్లద్రాక్షకు, ఎర్ర క్యాబేజీకి రంగునిచ్చేదీ ఆ వర్గానికి చెందినదే. ఎర్ర క్యాబేజీ ఉడికించిన నీటిలో నిమ్మరసం పిండితే ఎరుపు, వంటసోడా కలిపితే నీలి ఆకుపచ్చ వన్నెలు రావడం రసాయనశాస్త్ర ప్రయోగశాలలో మీరు సులభంగా చూడవచ్చు. రాత్రి ఉష్ణోగ్రత సుమారు 10 డిగ్రీల సెల్సియస్‌కు, అంతకు దిగువకు పడిపోయి కొన్ని వారాలు అట్లాగే కొనసాగినప్పుడు మాత్రమే కేల్ నడిమి ఆకులలో పత్రహరితం తగ్గి, ఈ వర్ణద్రవ్యం బాగా పేరుకొంటుంది. చలి తగ్గితే రంగు తయారీ మందగిస్తుంది. 2015లో రాజధానికి శంకుస్థాపన జరిగిన పల్లెల నుంచి స్తూపం ఉన్న పాత అమరావతి వరకు కృష్ణ కుడిగట్టున డిసెంబరు రాత్రులు మనకు చలిగా తోచినా, ఉష్ణోగ్రత 15 డిగ్రీలకు దిగువన ఉండే రోజులు అరుదు. మనం దుప్పటి కప్పుకొనే చలి కేల్‌కు చలి కాదు.

కేల్‌ను పెంచి తీరాలనే పట్టుదల గలవారికి మన రాష్ట్రంలోనూ తగిన చోట్లు లేకపోలేదు. చలికాలపు వేకువలలో ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల సమీపానికి దిగే లంబసింగి, అరకు వంటి మన్యపు ఎత్తులలో దానికి రంగు వస్తుంది. సెప్టెంబరులో నారు పోసి, నెల వయసు మొక్కలను అడుగు ఎడంతో నాటి, ఎండ తగిలేటట్లు చూడాలి. మొక్క ఎదిగిన తరువాత నత్రజని ఎరువు ఆపివేయాలి. ఆపకపోతే ఆకు బలిసి పచ్చగా నిలుస్తుందే గాని రంగు తొందరగా పట్టదు. మైదానంలోని వారు రంగు పట్టిన కుండీలను తెచ్చుకొని, పది పదిహేను రోజుల అతిథులుగా ఉంచుకోవడం మేలు. అతిథిని ఇంటివానిగా చేయబూనినందువల్లనే మేము నగుబాటు పాలైనాము.

మరుసటి ఏడు సెప్టెంబరు చివర మా తోటమాలి ఎవరినీ అడగకుండా అవే మడులలో బంతి వేశాడు. విత్తనం కొనలేదు. ముందటి సంక్రాంతికి పూసిన మొక్కలలో పెద్ద ముద్దపూలను కోయకుండా చెట్టుననే ఎండనిచ్చి, గుడ్డలో మూటగట్టి దాచుకొన్నాడు. ఎండిన బంతిపువ్వును నలిపితే ఒక కొస నలుపు, ఒక కొస గడ్డిరంగు గల సన్నని విత్తులు రాలుతాయి. వాటిని మెత్తని మట్టి, చివికిన పశువుల ఎరువు కలిపిన నారుమడిలో చల్లి, పైన వేలెడు మందం కూడా లేని మట్టి పొర కప్పాడు. నాలుగు వారాలకు నారు అందివచ్చింది. ఇక్కడి నల్లరేగడి నేల నీరు పట్టిందంటే వదలదు. అక్టోబరు, నవంబరు నెలల తుపాను వానలకు బంతివేళ్ళు కుళ్ళిపోయే ప్రమాదం ఉంది. అందువల్ల అతడు మడిని చదునుగా ఉంచక, బోదెలు ఎత్తి, బోదె మీద మూరెడు కన్న కొంచెం తక్కువ ఎడంతో నాటాడు. మూడు నాలుగు వారాల తరువాత ఒక ఉదయం వచ్చి చూద్దును గదా, ప్రతి మొక్క తలా తుంచి ఉంది. నేను కోపించాను. తల తుంచితే మొదటి పూత కొన్నాళ్ళు వెనుకబడుతుందని, కాని పక్క కొమ్మలు పుట్టి మొక్క గుబురై ఒక పువ్వుకు బదులు పది పూస్తాయని ఓపికగా చెప్పాడు. సంక్రాంతి సెలవులకు ముందు ఆ మడి నేల కనపడకుండా పూసింది.

ముద్దబంతి చలికాలంలో ఇంతగా పూయడానికి కారణం చలి ఒక్కటే కాదు. పగటి పొడవు కూడా కారణమే. ఈ మొక్క పగలు తగ్గి రాత్రి పెరిగే దినాలలో త్వరగా మొగ్గ తొడుగుతుంది. అమరావతి ప్రాంతంలో జూన్ చివర పగలు సుమారు 13 గంటలు ఉంటే, డిసెంబరు చివర సుమారు 11 గంటలు మాత్రమే ఉంటుంది. ఆ రెండు గంటల తేడాను బంతి గుర్తిస్తుంది. చీనా దేశం నుంచి వచ్చిన చామంతి మరింత నిక్కచ్చిగా గుర్తిస్తుంది. కేల్ చలిని కోరుతుంది, బంతి దీర్ఘరాత్రిని కోరుతుంది. మన శీతకాలం మొదటిదానిని ఇవ్వలేదు, రెండవదానిని ఇవ్వగలదు. ఒకటి ఇక్కడ పరాయిదిగా మిగలడానికి, ఇంకొకటి మన ముగ్గులో గొబ్బెమ్మ తలపైకి ఎక్కడానికి ఇంతకు మించిన రహస్యం లేదు.

బంతి మాత్రం ఇక్కడ పుట్టినదా? కాదు. దాని పుట్టినిల్లు మెక్సికో. అక్కడి ప్రాచీన అజ్‌టెక్ ప్రజల భాషలో దాని పేరుకు ఇరవై పూలు అని అర్థం. ఒకే పువ్వులో అనేక పూల రేకులు ఉన్నట్లుంటుందని కాబోలు ఆ పేరు. నేటికీ నవంబరు 1, 2 తేదీలలో మెక్సికో ప్రజలు గతించిన పెద్దలను తలచుకొంటూ సమాధులను, ఇళ్ళను బంతిపూలతో నింపుతారు. ఆంగ్లంలో దీనిని ఆఫ్రికన్ మేరీగోల్డ్ అంటారు గాని ఆఫ్రికాతో దీని పుట్టుకకు సంబంధం లేదు. అమెరికా ఖండాలకు ఐరోపావారు చేరిన తరువాత సముద్రమార్గాన ఇది మన దేశానికి వచ్చింది.

దీనికి రాతి సాక్ష్యం అమరావతిలోనే ఉంది. 1797లో కల్నల్ కాలిన్ మెకంజీ ఇక్కడి స్తూప శిథిలాలను చూసిన తరువాత అందలి శిల్పాలు లోకానికి వెల్లడి అయ్యాయి. నేడు వాటిలో అధికభాగం చెన్నై ప్రభుత్వ మ్యూజియంలోను, లండనులోని బ్రిటిష్ మ్యూజియంలోను ఉన్నాయి. రెండువేల ఏళ్ళ నాటి ఆ ప్రాకార స్తంభాల మీద పూర్ణపద్మాలు, అర్ధపద్మాలు ఉన్నాయి. పై వరుసలో మనుషులు భుజాలకెత్తుకొని మోసే బారెడు లావు పూలదండ ఉంది. ఆ దండలో బంతి ఉండడానికి వీలు లేదు. బంతి అప్పటికి మహాసముద్రానికి ఆవలి ఒడ్డున ఉంది. నేడు అదే ఊరిలో అమరేశ్వరుని ఆలయం ముందు అమ్మే దండలలో బంతి లేని దండను వెదకడం కష్టం.

బంతి అనే మాట మాత్రం పాతది. ఆడుకొనే బంతి, పూలతో గుండ్రంగా కట్టిన పూబంతి మన కావ్యాలకు పరిచితాలే. వచ్చిన కొత్త పువ్వు గుండ్రంగా కనపడగానే ఉన్న పేరు దానికి అమరింది. పాత పద్యంలో పూబంతి అన్న పదం కనిపించగానే బంతిపువ్వు అని అర్థం వ్రాసే విద్యార్థులు ఏటా ఉంటారు. మార్కులు తగ్గించక తప్పదు గాని, వారిని గట్టిగా కోప్పడలేను. మిరప సంగతి కూడా ఇట్టిదే. కారానికి మిరియం మాత్రమే ఉన్న కాలంలో వచ్చిన కొత్త కాయకు మిరియపు పేరే రూపు మారి తగులుకొన్నది. మిరప పుట్టినది కూడా మెక్సికో ప్రాంతంలోనే. మన చేలలో నేడు పండే అమెరికన్ పత్తి జాతికీ మూలస్థానం అదే. దేశవాళీ పత్తి వేరు, అది వేల ఏళ్ళుగా ఇక్కడ ఉన్నది. గుంటూరు, ప్రకాశం మైదానాలలో పత్తిచేను పక్కన మిరపచేను, ఆ చేను గట్టున బంతి వరుస కనపడితే, ఒకే దూరదేశం నుంచి వేర్వేరుగా బయలుదేరిన ముగ్గురు ఇక్కడ ఇరుగుపొరుగు అయినారని తెలుసుకోండి.

గట్టు మీద ఆ బంతి అందానికి మాత్రమే ఉండదు. ఆ సంగతి నేను మా తోటమాలి నుంచే వివరంగా తెలుసుకొన్నాను. అతడు పుట్టుకతో తోటమాలి కాడు. నాలుగెకరాల పత్తి రైతు. 1980వ దశకపు తొలి ఏళ్ళలో సింథటిక్ పైరిత్రాయిడ్లు అనే కొత్త పురుగుమందులు పత్తిచేలకు వచ్చాయి. ఒక విచిత్రం చెబుతాను. ఆ మందులకు నమూనా కూడా పువ్వే. చామంతికి దగ్గరి చుట్టమైన పైరిత్రం అనే తెల్లని పువ్వులోని విషపదార్థాన్ని అనుసరించి రసాయన శాస్త్రజ్ఞులు వాటిని తయారుచేశారు. మొదట కాయతొలిచే పురుగులు మాడిపోయాయి. రైతులు మళ్ళీ మళ్ళీ చల్లారు. పురుగులతో పాటు వాటిని తినే మేలుచేసే కీటకాలు కూడా నశించాయి. అడ్డు లేని తెల్లదోమ విజృంభించింది. అది ఆకు రసం పీల్చి, జిగట విడిచి, ఆ జిగట మీద నల్లని బూజు పట్టేటట్లు చేసింది. 1987లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి తీవ్రంగా నష్టపోయింది. అప్పుల భారం మోయలేక 1987-88 కాలంలో ఈ జిల్లాలలో పలువురు రైతులు ప్రాణాలు తీసుకొన్నారు. ఆ ఏడు నేను మీ వలెనే ఇంటర్మీడియట్ చదువుతున్నాను. వసతిగృహంలో మా గదిలోని ఒక మిత్రుడు దీపావళికి ఇంటికి వెళ్ళి తిరిగి రాలేదు. చదువు మాని చేనికి పోయాడని తరువాత విన్నాము. మా తోటమాలి ఆ ఏటనే పొలం అమ్మి, అప్పు తీర్చి, పట్టణం చేరాడు.

"అప్పుడు బంతి వేసి ఉంటే చేను దక్కేదా?" అని నేను ఒకసారి అడిగాను. దక్కేది కాదన్నాడు. అతని మాట శాస్త్రసమ్మతం. బంతి ఎరగా పనిచేసేది తెల్లదోమకు కాదు, శనగపచ్చ పురుగుకు. దాని తల్లిరెక్కల పురుగు గుడ్లు పెట్టడానికి బంతి మొగ్గలను, పూలను ఇష్టపడుతుంది. చేను గట్టున గాని, సాళ్ళ మధ్య గాని బంతి పూతకు వచ్చి ఉంటే గుడ్లలో చాలా భాగం అక్కడే పడతాయి. ఇటువంటి దానిని ఎర పంట అంటారు. బెంగళూరు సమీపాన హెసరఘట్టలో గల భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ టమాటాలో ప్రతి 16 వరుసలకు ఒక వరుస బంతి వేయాలని సూచించింది. అందులోని మెలకువ వరుసల లెక్కలో కన్న వయసుల లెక్కలో ఉంది. 25 రోజుల టమాటా నారుతో పాటు 45 రోజుల బంతి నారు నాటాలి. పంట పూతకు వచ్చేవేళకు ఎర కూడా పూసి ఉండాలి గదా! పొగాకు లద్దెపురుగుకైతే బంతి కాదు, ఆముదం ఎర. దాని వెడల్పాటి ఆకుల మీద గుడ్ల ముద్దలు సులభంగా కంటబడతాయి. తెంపి నాశనం చేయవచ్చు.

ఎర వేసి ఊరుకొంటే మాత్రం లాభం లేదు. రెండు మూడు రోజులకొకసారి బంతిపూలు తిరగవేసి చూసి, గుడ్లను, పురుగులను ఏరివేయాలి. ఏరకపోతే ఎర పంటే పురుగుకు పుట్టినిల్లవుతుంది. 2002లో బీటీ పత్తికి అనుమతి లభించిన తరువాత పత్తిలో శనగపచ్చ పురుగు బెడద తగ్గింది. కాబట్టి అక్కడ బంతి అవసరం మునుపటంత లేదు. మిరపలో ఇంకా ఉంది. అయితే 2021లో మన మిరపచేలను దెబ్బతీసిన నల్ల తామరపురుగు పూలలో చేరే స్వభావం కలది. అది అనేక జాతుల మొక్కలను ఆశ్రయిస్తుంది. అటువంటి ఏట గట్టున పూలున్నవి గదా అని నిశ్చింతగా ఉండరాదు, పూలను కూడా దులిపి చూడాలి. భూమిలో మాత్రం బంతి చేసే మేలు వేరు. దాని వేళ్ళలోని ఒక పదార్థం కూరగాయల వేళ్ళకు బుడిపెలు కట్టించే నులిపురుగులను అణచివేస్తుంది. మా కళాశాల మడిలో బంతి తీసివేసిన తరువాత వంగ వేస్తే బాగా కాసేదని తోటమాలి అనేవాడు. ఆ వంకాయలు నేనూ తిన్నాను.

పదవీ విరమణ చేసిన రోజున అతడు అధ్యాపకుల గదికి వచ్చి నా బల్లమీద వార్తాపత్రిక కాగితంతో కట్టిన ఒక పొట్లం ఉంచాడు. సంకరజాతి విత్తనం కాదు కనుక మళ్ళీ మళ్ళీ దాచుకొని వేసుకోవచ్చని చెప్పాడు. పొట్లం మీద పెన్సిలుతో రెండు మాటలు వ్రాసి ఉన్నాయి: "సంక్రాంతి ముద్ద". కింద అంతకంటె చిన్న అక్షరాలతో, "తల తుంచాలి."

అభ్యాసం

1. కళాశాల మడులలో నాటిన కేల్ మొక్కలు రంగు కోల్పోవడానికి గల కారణాలను వివరించండి.
2. అమరావతి శిల్పాలలోని పూలదండను రచయిత ఏ విషయానికి సాక్ష్యంగా చూపారు?
3. ఎర పంట అనగానేమి? బంతి ఏ పురుగుకు ఎర అవుతుంది, ఏ పురుగుకు కాదు?
4. మీ ఇంటి పరిసరాలలో ధనుర్మాసంలో పూసే మొక్కలను పరిశీలించి, వాటిని ఏ నెలలో నాటారో పెద్దలను అడిగి తెలుసుకొని ఒక వ్యాసం వ్రాయండి.